పైన్ చెట్టుకు కుండీ మార్చేటప్పుడు సగం మట్టిని ముట్టుకోకండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఆరేళ్ళ కిందట నర్సరీలో ఒక జపనీస్ బ్లాక్ పైన్ మొక్క కొన్నాను. మూడు గ్యాలన్ల నల్ల ప్లాస్టిక్ కుండీలో ఉంది. బోన్సాయ్ చేద్దామని కొన్నదే గానీ పిల్లలు, ఉద్యోగం, ఇల్లు మారడం వీటన్నిటితో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నీళ్ళు పోస్తే పైన అరగంట నిలబడుతున్నాయి. కింది చిల్లుల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి, కుండీ ఒక పక్క ఉబ్బింది. నిరుడు వేసిన ఆకులు పొట్టిగా, పసుపు తిరిగి ఉన్నాయి. మొదలు నా బొటనవేలి కంటే కొంచెం లావు. నీలం రంగు గ్లేజు ఉన్న, లోతు తక్కువ బోన్సాయ్ కుండీ కొనిపెట్టుకున్నాను. ఒక వీడియోలో నీళ్ళ పైపుతో మట్టంతా కడిగేసి, వేళ్ళను మూడోవంతుకు కత్తిరించి నాటారు. మార్చి ఆఖరి వారాంతంలో నేనూ అలాగే చేసి, కొమ్మలు కూడా కత్తిరించి, వాటిని వంచడానికి లోహపు తీగ చుట్టి, ఒకేసారి పని ముగించేద్దామనుకుంటున్నాను. సరేనా? ఇంకో సంగతి. బాపట్లలో ఉండే మా నాన్నగారికి కూడా ఇలాంటి చెట్టొకటి పెంచాలని కోరిక. అక్కడ బతుకుతుందా?

సమాధానం: అమ్మా, ముందు ఆ పైపు పక్కన పెట్టండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

కుండీ మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. మీరు రాసిన లక్షణాలన్నీ వేళ్ళు కుండీని నింపేశాయనే చెబుతున్నాయి. కానీ ఒక్క వారాంతంలో మీరు పెట్టుకున్న పనులు నాలుగు: మట్టి కడగడం, వేళ్ళు నరకడం, కొమ్మలు కత్తిరించడం, తీగ చుట్టడం. ఆరేళ్ళుగా ఇరుకులో ఉండి నీరసించిన పైన్ చెట్టు ఈ నాలుగిటినీ కలిపి తట్టుకోవడం చాలా కష్టం. ఈ ఏడాది వేళ్ళ పని ఒక్కటే చేయండి. అది కూడా సగమే.

లోపల ఏం జరిగిందో చెబుతాను, అప్పుడు ఈ సగం లెక్క ఎందుకో అర్థమవుతుంది. నర్సరీ కుండీల్లో వాడే మిశ్రమంలో ఎక్కువ భాగం చెట్టుబెరడు ముక్కలే. రెండుమూడేళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత బెరడు చివికి మెత్తటి ముద్దవుతుంది, ముక్కల మధ్య గాలి ఆడే ఖాళీలు మూసుకుపోతాయి. ఈలోగా వేళ్ళు కుండీ గోడను తాకి, దారి లేక గోడ వెంబడే గుండ్రంగా తిరుగుతాయి. ఖాళీలను చివికిన మట్టి సగం పూడిస్తే వేళ్ళు మిగతా సగం పూడుస్తాయి. వేళ్ళకు నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. పైన్‌కు మరీను. ఆకులు పొట్టిబడటం, పసుపు తిరగడం అందుకే. ఎరువు తక్కువైందనుకుని ఎరువు వేసి ఉంటే ఇక ఆపేయండి, పీల్చుకోగలిగిన స్థితిలో వేళ్ళు లేవు.

పైన నీళ్ళు నిలబడుతున్నాయి కదా, లోపలంతా తడిగానే ఉంటుందనుకోకండి. ఇలాంటి కుండీల్లో తరచూ నీళ్ళు అంచు వెంబడి జారి కిందికి పోతాయి, నడిమి ముద్ద మాత్రం ఎండి గట్టిపడి ఉంటుంది. సన్నటి వెదురు పుల్ల ఒకటి మొదలుకు దగ్గరగా గుచ్చి పావుగంట ఉంచి తీసి చూడండి. పొడిగా వచ్చిందంటే, కుండీ మార్చే రెండు రోజుల ముందు తొట్టిలో కుండీ అంచు దాకా నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా నాననిచ్చి, తర్వాత నీళ్ళు కారిపోనివ్వండి. ఎండిన ముద్దను విప్పితే సన్నవేళ్ళు పుటుక్కున తెగుతాయి. బాగా తడిసి ఉంటే బురదలా అంటుకుంటుంది. కొంచెం చెమ్మ ఉన్నప్పుడు పని సులువు.

ఎప్పుడు చేయాలన్నది క్యాలెండరులో కాదు, మొగ్గల్లో చూడండి. బ్లాక్ పైన్ మొగ్గలు తెల్లగా, పట్టు నూలు చుట్టినట్టుగా ఉంటాయి. చలికాలమంతా కొమ్మ చివర కదలకుండా ఉండి, వసంతం దగ్గరపడేసరికి ఉబ్బి పొడవు సాగడం మొదలుపెడతాయి. పైన్ పెంచేవాళ్ళు క్యాండిల్స్ అనేవి వీటినే. మొగ్గ ఉబ్బినప్పటి నుంచి, ఆ క్యాండిల్ మీద కొత్త సూదాకులు విడివడేలోపు కుండీ మార్చాలి. మీ ప్రాంతంలో అది మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉండొచ్చు. కాబట్టి మీరనుకున్న వారాంతం తప్పేమీ కాదు, మొగ్గలు ఊఁ అంటే. ఇంకా గట్టిగా, కదలిక లేకుండా ఉంటే ఇంకో వారమో రెండు వారాలో ఆగండి. ఏ కారణం చేతైనా ఆలస్యమై సూదులు విచ్చుకున్నాయంటే ఈ ఏడాదికి వదిలేయండి. అప్పుడు పొడవాటి ఇనప చువ్వతో ఆ ముద్దలో పైనుంచి కింది దాకా అక్కడక్కడా చిల్లులు పొడిచి, ముతక ప్యూమిస్ (తేలికైన, బెజ్జాలున్న అగ్నిపర్వత రాయి) ముక్కలతో ఆ చిల్లులు నింపి, నీళ్ళు లోపలికి దిగేలా చేసి, వచ్చే వసంతం దాకా నెట్టుకురండి.

ఇక కడగడం ఎందుకు వద్దంటున్నానో వినండి.

మన వైపు మర్రి, రావి, జువ్వి లాంటి చెట్లతో బోన్సాయ్ మొదలుపెట్టినవాళ్ళకు వేళ్ళంటే భయం ఉండదు. మట్టంతా దులిపి, వేళ్ళు సగానికి పైగా నరికి, ఆకులన్నీ తీసేసినా మోడులోంచి మళ్ళీ చిగురిస్తాయి. మేపుల్ లాంటి ఆకు రాల్చే చెట్లు కూడా చలికాలం చివర మట్టి కడగడాన్ని ఓర్చుకుంటాయి. వాటికి కాండంలోనూ వేళ్ళలోనూ నిల్వ ఉంటుంది, దానితోనే కొత్త ఆకులు తొడుగుతాయి. పైన్ అలా కాదు. దాని నిల్వలో పెద్ద భాగం ఆకుల్లోనే ఉంటుంది. ఆకు లేని పాత కొమ్మ మీద కొత్త చిగురు పుట్టడం చాలా అరుదు. పైగా పైన్ వేళ్ళు ఒంటరిగా బతకవు. వాటిని అంటిపెట్టుకుని శిలీంధ్రం ఒకటి ఉంటుంది. వేళ్ళు చేరలేని సందుల్లోకి ఆ శిలీంధ్రపు పోగులు వెళ్ళి నీటినీ భాస్వరాన్నీ తెచ్చి వేరుకిస్తాయి, బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది.

కుండీ తీశాక మీరే చూస్తారు. ముద్ద పక్కల్లో తెల్లగా బూజు పట్టినట్టుంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుట్టగొడుగుల వాసన వస్తుంది. సన్నవేళ్ళ కొసలు దగ్గరగా చూస్తే పొట్టిగా, లావుగా, రెండుగా చీలి చిన్న చిన్న పంగల్లా ఉంటాయి. అవే పనిచేస్తున్న వేళ్ళు. ఇదంతా తెగులేమోనని కంగారుపడి కడిగేసేవాళ్ళున్నారు, మీరు మాత్రం ఆ పని చేయకండి. కుళ్ళిన వేరు వేరేగా ఉంటుంది: నల్లగా, మెత్తగా, రెండు వేళ్ళతో లాగితే పైతొక్క ఊడి లోపలి పుల్ల మిగులుతుంది, మురుగు వాసన కొడుతుంది. అది మాత్రం ఎక్కడ కనిపించినా తీసేయండి.

పైపుతో కడిగితే ఈ శిలీంధ్రమూ పోతుంది, నీటి ధాటికి పంగల కొసలూ తెగుతాయి. చెట్టు ఆ క్షణంలో చచ్చిపోదు. అదే మోసం. పైన్ ఆకులు పచ్చగానే కొన్ని వారాలు నిలబడతాయి, అంతా బాగుందనిపిస్తుంది, ఎండలు ముదిరాక ఒక్కసారిగా బూడిద రంగుకు తిరుగుతాయి. నాటిన రోజుతో ముగిసిపోయే వీడియోల్లో ఇది కనిపించదు.

అందుకే సగం. వేళ్ళ ముద్దను పైనుంచి చూస్తూ మొదలు మీదుగా ఒక గీత ఊహించుకోండి. ఒక సగంలో పాతమట్టి మొదలు దాకా పూర్తిగా తీసి కొత్త మిశ్రమం నింపాలి. రెండో సగాన్ని అంచులు కాస్త విప్పి, అలాగే ఉంచాలి. చెట్టు ఆ ముట్టని సగంతో బతుకుతూ ఈ సగంలో కొత్త వేళ్ళు వేస్తుంది. రెండుమూడేళ్ళ తర్వాత, బాగా పుంజుకున్నాక, రెండో సగం. నిదానమే, కానీ పైన్‌కు నర్సరీ మట్టి వదిలించే పద్ధతుల్లో నేను నమ్మేది ఇదే.

మీరు కొన్న నీలం కుండీ ఇప్పుడు వద్దు. బొటనవేలి మందం మొదలంటే ఇంకా పెరగాల్సిన చెట్టు. లోతు తక్కువ కుండీలోకి మార్చిన రోజు నుంచి మొదలు లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. మరో నాలుగైదేళ్ళు స్వేచ్ఛగా పెరగనిస్తే వచ్చే మొదలు, ఆ కుండీలో ఇరవై ఏళ్ళున్నా రాదు. నీటి కొలనుల్లో తామర మొక్కలు పెట్టే ప్లాస్టిక్ జాలీ బుట్టలు తోట సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. లేదంటే వంటింటి సామాన్లలో కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట చాలు. జపాన్‌లో కూడా పైన్ మొలకలను ఇలాంటి బుట్టల్లో పెంచుతారు. వేరు జాలీ దగ్గరికొచ్చి గాలి తగలగానే కొస ఎండి ఆగిపోతుంది, వెనక నుంచి నాలుగు కొత్త కొసలు వేస్తుంది. గోడ వెంబడి తిరిగే గొడవే ఉండదు. ఇప్పటి ముద్ద కంటే నాలుగు వేళ్ళు వెడల్పు, లోతు మాత్రం తక్కువ ఉన్నది చూసుకోండి.

ఆ నీలం కుండీ పారేయనక్కర్లేదు. ఒక మేపుల్‌కో పూల చెట్టుకో బాగుంటుంది. పైన్‌కు గ్లేజు లేని, మట్టి గోధుమ రంగు కుండీలు వాడటం ఆనవాయితీ. ఆ ముతక బెరడు పక్కన మెరిసే నీలం ఎందుకు నప్పదో చూడాలంటే బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లోని బోన్సాయ్ మ్యూజియానికి ఒకసారి వెళ్ళిరండి, మీకు దగ్గరే.

మిశ్రమం సంగతి. అకడామా, ప్యూమిస్, లావా రాళ్ళు సమపాళ్ళలో కలపడం ఎక్కువమంది పాటించేదే. అకడామా జపాన్ నుంచి వచ్చే గట్టి మట్టి గుళికలు, అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడ్డ మట్టి. వేళ్ళు దాన్ని చీల్చుకుంటూ సన్నగా శాఖలు కడతాయి. కానీ గడ్డకట్టి కరిగే చలిలో అది నాలుగేళ్ళకే పొడి అయిపోతుంది, మీ దగ్గర చలి అలాంటిదే, ఖరీదూ ఎక్కువ. ఇది పెరిగే దశలో ఉన్న చెట్టు కనుక ప్యూమిస్ సగానికి పైగా వేసుకుని, మిగతాది లావా, కొంచెం అకడామా కలుపుకున్నా చాలు. గుళిక మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. సంచిలోంచి తీసింది తీసినట్టు వేయకండి, జల్లెడ పట్టి దుమ్మంతా వదిలించండి. ఆ దుమ్మే రేపు అడుగున పేరుకుని మళ్ళీ గాలి మూసేస్తుంది. పెరటి మట్టి, సన్న ఇసుక, కోకోపీట్ ఇందులోకి రానివ్వకండి. అడుగున పెద్ద రాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా పోతాయన్న మాట కూడా నమ్మకండి. గుళిక పరిమాణం ఒక్కసారిగా మారే చోట నీళ్ళు ఆగుతాయి, చెమ్మ పొర వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది.

పని చేసే రోజు, చెట్టును బయటికి తీయకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి: జల్లెడ పట్టిన మిశ్రమం, బుట్ట, దానికి గుచ్చిన అల్యూమినియం తీగ, వెదురు పుల్లలు రెండు మూడు, పదునైన కత్తెర, చిన్న రంపం, నీళ్ళు చల్లే సీసా. నీడలో, గాలి తగలని చోట కూర్చోండి. వేరు కొస గాలికి ఎండటానికి ఎంతోసేపు పట్టదు, మధ్యమధ్య నీళ్ళు చల్లుతూ ఉండాలి.

ఉబ్బిన కుండీలోంచి చెట్టును లాగకండి. కుండీని నిలువుగా రెండు చోట్ల కోసి విప్పేయండి.

మొదట పైభాగం. మొదలు చుట్టూ మట్టిని పుల్లతో నెమ్మదిగా గీస్తూ పోతే మొదటి లావు వేళ్ళు బయటపడతాయి. నర్సరీల్లో చాలాసార్లు మొక్కను లోతుగా నాటుతారు, కాబట్టి రెండుమూడు అంగుళాలు దిగాల్సి రావచ్చు. ఆ వేళ్ళు నలువైపులా విచ్చుకుని నేలను పట్టుకున్న తీరునే జపనీయులు నెబారి అంటారు, బోన్సాయ్‌లో చెట్టు వయసు కనిపించేది అక్కడే. దానికి పైన మొలిచిన వెంట్రుకల్లాంటి సన్నవేళ్ళు తీసేయొచ్చు. ఇక్కడే ఇంకోటి కూడా చూడండి: మొదట్లో ఒకచోట బెరడు రంగో గరుకుతనమో హఠాత్తుగా మారి, అడ్డంగా కణుపులా ఉందా? నర్సరీల్లో అమ్మే బ్లాక్ పైన్ రకాల్లో కొన్ని అంటు కట్టినవి. అంటు ఉంటే ఆ చోటు మట్టిలోకి పోకుండా చూసుకోండి.

తర్వాత అడుగు. చాపలా అల్లుకున్న అడుగు పొరను రంపంతో అడ్డంగా కోసేయండి. ముద్ద ఎత్తులో మూడోవంతు దాకా కోసినా ఫరవాలేదు, అక్కడున్నవి ఎక్కువగా గుండ్రంగా తిరిగిన పొడవాటి వేళ్ళే, పనిచేసే సన్నవేళ్ళు తక్కువ.

ఇప్పుడు పక్కలు. ఏ సగాన్ని విప్పాలో ఇక్కడ తేల్చుకోవాలి. తెల్లటి పోగులు, ఆరోగ్యమైన పంగల కొసలు ఎక్కువ ఎటు ఉన్నాయో ఆ సగాన్ని వదిలేయండి. వేళ్ళు ఎక్కువ చిక్కుపడి, మట్టి ఎక్కువ చివికిన సగాన్ని పట్టుకోండి. చిక్కుపడ్డ జడను కొసల దగ్గర మొదలుపెట్టి పైకి విప్పినట్టే ఇదీ: అంచున మొదలుపెట్టి కొద్దికొద్దిగా లోపలికి రావాలి. లోపల పుల్ల గుచ్చి బయటికి లాగితే సన్నవేళ్ళన్నీ దానితో ఊడొస్తాయి. మట్టి రాలుతూ ఉంటే వేరు కదలదు, వేరు కదులుతోందంటే మీరు తొందరపడుతున్నట్టే. ఈ ఒక్క సగానికి గంటా రెండు గంటలు పట్టినా పట్టనివ్వండి.

విప్పాక, నేరుగా కిందికి దిగే లావు వేళ్ళను పక్కకు సన్నవేళ్ళు చీలిన చోటికి కత్తిరించండి. కత్తిరించిన చోట వెనక సన్నవేళ్ళు ఉండి తీరాలి. ఏమీ లేని మోటు వేరును మిగిల్చి లాభం లేదు. అలా చూసుకున్నాక ఈ సగంలో ఉన్న సన్నవేళ్ళలో కనీసం సగానికి పైగా నిలవాలి. మొదలును చుట్టి బిగించిన వేరు కనిపిస్తే అది పెద్ద సమస్య, చెట్టు లావెక్కేకొద్దీ దాన్నే నొక్కేస్తుంది. అది సన్నదైతే తీసేయండి. లావుదై, ఆ పక్క సన్నవేళ్ళన్నీ దానికే ఉంటే ఈసారి సగం మందం దాకా గాటు పెట్టి వదిలేయండి. దానికి దారి మళ్ళించుకునే వ్యవధి దొరుకుతుంది, రెండో సగం చేసేటప్పుడు పూర్తిగా తీయొచ్చు.

ముట్టుకోని సగంలో కూడా ఒక చిన్న పని ఉంది. అంచున గోడ వెంబడి తిరిగిన పొరను మాత్రం ఒక వేలి మందం గీకి విప్పి, సన్నటి చువ్వతో ఆ పాతముద్దలో నిలువుగా కొన్ని చిల్లులు పొడవండి. అది ఎందుకో నీళ్ళ దగ్గర చెబుతాను.

బుట్టలో మిశ్రమం కొంచెం గుట్టగా పోసి, చెట్టును దాని మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ అదమండి, అడుగున ఖాళీ మిగలకూడదు. ముందే గుచ్చిన తీగలను వేళ్ళ ముద్ద మీదుగా తెచ్చి మెలిపెట్టి బిగించండి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. కొత్త వేరు కొస గాజంత పెళుసుగా ఉంటుంది. గాలికి చెట్టు ఊగిన ప్రతిసారీ అది తెగుతుంది. మొదలు పట్టుకుని నెడితే చెట్టు కదలక బుట్టతో సహా కదలాలి, అప్పుడే సరిగా కట్టినట్టు. తర్వాత పొడి మిశ్రమం పోస్తూ వేళ్ళ సందుల్లోకి పుల్లతో నెమ్మదిగా కదుపుతూ దించండి. పొడవకండి, కదపండి. చివరకు కింద కారే నీళ్ళు తేటగా వచ్చేదాకా నీళ్ళు పోయండి. మొదట పసుపు గోధుమ రంగులో వస్తాయి, అది మిగిలిన దుమ్ము.

ఇక నీళ్ళు. సగం సగం పద్ధతిలో చెట్లు దెబ్బతినేది కత్తెర దగ్గర కాదు, ఇక్కడ. ఒకే బుట్టలో రెండు రకాల మట్టి ఉంది. కొత్త సగం చకచకా ఆరిపోతుంది. పాత సగం ఆరదు, ఒకసారి ఆరిందంటే మళ్ళీ సులువుగా తడవదు, నీళ్ళన్నీ కొత్త సగంలోంచే జారిపోతాయి. పైన చూసి నీళ్ళు పోస్తే రెండిట్లో ఒకటి దెబ్బతింటుంది. చెట్టును ఇప్పుడు బతికిస్తున్నది పాత సగమే కనుక దాన్ని చూసి నీళ్ళు పోయాలి. ఒక వెదురు పుల్లను పాత సగంలో మూడు అంగుళాలు గుచ్చి అక్కడే వదిలేయండి. పొద్దున్నే తీసి చూడండి. ముదురు రంగుతో చల్లగా ఉంటే ఆగండి, లేతబడి చెమ్మ మాత్రమే తెలుస్తుంటే పోయండి. పోసేటప్పుడు ఇందాకటి చిల్లుల మీద సన్నటి ధారతో, ఒకసారి పోసి ఐదు నిమిషాలాగి మళ్ళీ పోయండి. కొత్త సగం మరీ ఆరిపోతోందనిపిస్తే దాని మీద స్ఫాగ్నమ్ నాచును నలిపి పలచగా పరవండి.

మొదటి రెండు వారాలు పొద్దుటి ఎండ తగిలి, ఈదురుగాలి తగలని చోట ఉంచండి. ఇంట్లో మాత్రం పెట్టొద్దు, పైన్‌కు ఇల్లు పడదు. ఏప్రిల్‌లో కూడా మీ దగ్గర కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి వస్తుంది, కోసిన వేళ్ళకు అది మంచిది కాదు. అలాంటి రాత్రులు హీటరు లేని గరాజ్‌లోకి తెచ్చి పొద్దున్నే బయట పెట్టండి. రెండు వారాల తర్వాత రోజంతా ఎండ. నీడలో పెడితే కోలుకుంటుందనేది మన ఆలోచన, ఎండ లేకపోతే పైన్ వేరు వేయదు. క్యాండిల్స్ సాగి సూదులు విచ్చుకోవడం మొదలయ్యాక, అంటే నెలా నెలన్నరకు, ఎరువు పలచగా మొదలుపెట్టండి.

కొమ్మలు, తీగ వచ్చే ఏడాదికి. ఎండిన పుల్లలు తీసేయొచ్చు, పచ్చటి సూది ఒక్కటి కూడా తీయకండి. కొత్త వేళ్ళు పుట్టమని సంకేతం వెళ్ళేది మొగ్గల నుంచి, ఆకుల నుంచి. కింద కోసి, పైన కూడా కోస్తే ఇక వేళ్ళు కట్టేదెవరు? క్యాండిల్స్ తుంచడం గురించి కూడా మీరు చదివే ఉంటారు. బ్లాక్ పైన్‌లో జూన్ ఆఖరునో జూలై మొదట్లోనో కొత్త చిగుళ్ళను తీసేస్తే రెండో విడత పొట్టి చిగుళ్ళు వచ్చి ఆకులు చిన్నవవుతాయి. అది బాగా బలిసిన చెట్టుకు, ఆకారం వచ్చాక చేసే పని. మీ చెట్టుకు ఇంకా ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు పొడవుగా పెరిగే కొమ్మే మొదలును లావు చేస్తుంది.

ఈ వేసవిలో క్యాండిల్స్ కొంచెం పొట్టిగా వస్తే బెంగ పెట్టుకోకండి. శరదృతువులో లోపలి పాత ఆకులు పసుపై రాలడం మామూలే. ఈ ఏటి క్యాండిల్ నిటారుగా ఉండక వాలిపోయినా, నిరుటి ఆకులన్నీ ఒకేసారి మెరుపు తగ్గి పాలిపోయినా మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అప్పుడు చాలామంది చేసేది నీళ్ళు పెంచడం. వేళ్ళు పీల్చలేక వాడిన చెట్టుకు ఇంకా నీళ్ళు పోస్తే మిగిలినవీ కుళ్ళుతాయి. నీళ్ళు పుల్ల చూసే పోయండి, మధ్యాహ్నపు ఎండ కొన్నాళ్ళు తప్పించండి, ఆకుల మీద నీళ్ళు చల్లండి.

ఇంత నిదానమా అనిపిస్తే, కారులో ఒక పూటలో వాషింగ్టన్ చేరుకోవచ్చు మీరు. అక్కడి నేషనల్ ఆర్బొరీటమ్‌లో ఒక జపనీస్ వైట్ పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న చెట్టు. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు యమాకి కుటుంబం నర్సరీలో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. హిరోషిమా సంగతి 2001లో ఆయన మనవలు చూడటానికొచ్చినప్పుడు గానీ అక్కడివాళ్ళకు తెలియలేదు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. దాని మొదలు దగ్గర వేళ్ళు చూడండి. మీరు ఈ మార్చిలో పుల్లతో గీసి వెతికేది వాటి చిన్నప్పటి రూపాన్నే.

నాన్నగారి సంగతి. బ్లాక్ పైన్ సముద్రపు గాలికీ ఉప్పుకూ తట్టుకునే చెట్టే, జపాన్ తీరాల్లో పెరిగేదే. కానీ చలికాలంలో చల్లగా విశ్రాంతి తీసుకోవడానికి అలవాటు పడింది. బాపట్లలో ఆ చలి లేదు. ఆయన ఏటికేడు నీరసించే చెట్టును చూస్తూ బాధపడటం నాకిష్టం లేదు. మీ పెట్టెలో ఒక మొక్క పెట్టుకెళ్ళే ఆలోచన ఉంటే అది కూడా వద్దు. విదేశీ మొక్కలు ఇండియాలోకి తేవాలంటే దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం, క్వారంటీన్ తనిఖీ ఉన్నాయి.

ఆయనకు సరుగుడు పెంచమనండి. సూర్యలంక దారిలో ఎటు చూసినా అదే కదా. చూడటానికి పైన్‌లాగే ఉంటుంది గానీ పైన్ కాదు. ఒక పుల్ల తుంచి కణుపుల దగ్గర లాగితే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. సూదుల్లా కనిపించేవి సన్న కొమ్మలు, అసలు ఆకులు ఆ కణుపుల చుట్టూ కంటికి ఆనని పొలుసులు. తైవాన్‌లో, ఇండోనేషియాలో సరుగుడుతో చేసిన బోన్సాయ్‌లు చాలా గొప్పగా ఉంటాయి. మన తీరంలో అడుగడుగునా దొరికే ఈ చెట్టును మనవాళ్ళు కట్టెలకు, పందిరి గుంజలకు తప్ప తలుచుకోకపోవడం నాకెప్పుడూ వెలితిగానే ఉంటుంది. దాని వేళ్ళ మీద బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తాయి, కాబట్టి ఆ బుడిపెలను తెగులనుకుని తీసేయొద్దని చెప్పండి.

నర్సరీలో సంచీల్లో అమ్మే చిటికెనవేలి మందం మొక్క చాలు. ముతక ఇసుక, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, బాగా చివికిన పశువుల ఎరువు కొద్దిగా కలిపి నాటాలి. మీ పైన్‌కు చెప్పిన వేళ దీనికి కుదరదు. ఇది వెచ్చదనంలో పరుగెత్తే చెట్టు కనుక వానలు నిలదొక్కుకుని చిగుళ్ళు జోరుగా ఉన్నప్పుడు కుండీ మార్చాలి, వేళ్ళు ఒకేసారి మరీ ఎక్కువ కోయకూడదు. ఇంకోటి, ఎడారి చెట్టులా కనిపించినా కుండీలో ఉన్నప్పుడు దాహం ఎక్కువ. రోహిణీకార్తెలో రెండు పూటలా నీళ్ళు పడాల్సిందే, ఒక్క మధ్యాహ్నం ఎండబెట్టినా కొమ్మలు కొసల నుంచి రాలిపోతాయి. ఆయన ఊరెళ్ళాల్సొస్తే పక్కింటివాళ్ళకు అప్పగించి వెళ్ళమనండి.